ఇది బిల్లు కాదు, ఎనిమిది రోజుల్లో కట్టండి

ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు పెట్టిన ప్రతి ఒక్కరికీ బిల్లులా కనిపించే ఈ కవరు తెలుసు. తెలియదంటున్నవాళ్లు ఇంకా దరఖాస్తు పెట్టలేదన్నమాట. పెట్టి చూడండి, అదే వెతుక్కుంటూ వస్తుంది.

నా సంగతి చెబుతాను. రాసినవి అమ్ముడుపోవని తేలిపోయాక, రాయనివైనా అమ్ముదామని నోటుపుస్తకాల వ్యాపారం మొదలుపెట్టాను. దానికో పేరు అనుకున్నాను. ఆ పేరు ఇంకెవరైనా వాడుతున్నారేమోనని ట్రేడ్‌మార్క్ రిజిస్టరంతా గాలించాను. ప్రపంచంలోని సరుకునీ సేవలనీ 45 తరగతులుగా విడగొట్టిన నీస్ వర్గీకరణ అనే మహాగ్రంథం ఒకటుంది, 1957 నాటి ఒప్పందం. అందులో 34 తరగతులు సరుకులకి, 11 సేవలకి. తుపాకులూ బాణసంచా కలిసి 13లో ఉంటాయి. వాయిద్యాలు 15లో. వాటి పక్కనే 16లో నా నోటుపుస్తకాలు. సరే, ఫీజు కట్టాను, దరఖాస్తు పెట్టాను, మర్చిపోయాను.

నేను మర్చిపోయినా నన్ను మర్చిపోనివాళ్లు ఉన్నారు. మందపాటి కవరు, దాని మీద బంగారు రంగు ముద్ర. లోపల నా దరఖాస్తు నంబరు, తేదీ, తరగతి, నేను గీయించిన లోగో, అన్నీ ఒక్క అచ్చుతప్పు లేకుండా ఉన్నాయి. పెళ్లి శుభలేఖలో కూడా నా పేరు ఇంత సరిగ్గా పడలేదు. కింద ఒక మొత్తం రాసి ఉంది, నేను ట్రేడ్‌మార్క్ ఆఫీసుకి కట్టిన అసలు ఫీజుకి మూడింతలు. దాని పక్కన గడువు: ఎనిమిది రోజులు.

వెనక్కి తిప్పి, కిటికీ దగ్గరికి వెళ్లి, కళ్లజోడు తుడుచుకుని చదివితే అసలు విషయం బయటపడింది. ఇది బిల్లు కాదట. మీ మార్కుని తమ ప్రైవేటు డైరెక్టరీలో వేసుకోవడానికి ఒక ప్రతిపాదన మాత్రమేనట. డబ్బు కడితే ఒప్పుకున్నట్టేనట. ఆ డైరెక్టరీ ఎవరు చూస్తారో, చూసి ఏం చేస్తారో మాత్రం రాయలేదు. చట్టం ముందు దానికి కాలం చెల్లిన క్యాలెండరుకున్నంత విలువ కూడా లేదు.

ఇంతటి కాగితం ఒక్క పూటలో పుట్టి ఉండదని నా గట్టి నమ్మకం. దీని వెనక ఎంతో మేధోమథనం జరిగి ఉండాలి. ఆ సమావేశం నా కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. ఒక పెద్దాయన, ఒక డిజైనరు, ఒక లాయరు, మూల కుర్చీలో కొత్తగా చేరిన కుర్రాడు.

"ముద్రలో డేగని పెడదామా సార్?" అంటాడు డిజైనరు.

"డేగ అమెరికావాళ్లది. దొరికిపోతాం. డేగకి దూరపు చుట్టం ఎవరైనా ఉన్నారా?"

"గద్ద ఉంది సార్. కాకపోతే పక్కకి చూస్తోంది."

"పక్కకెందుకు?"

"సిగ్గుపడుతున్నట్టుంది సార్."

"అయితే మన దగ్గర పనికిరాదు, తీసేయ్. భూగోళం వేసి చుట్టూ కొమ్మలు పెట్టు."

"ఆలివ్ కొమ్మలైతే ఐక్యరాజ్యసమితిది సార్."

"ఏదో ఒక ఆకు పెట్టవయ్యా. డబ్బు కట్టేవాడు వృక్షశాస్త్రం చదివి కడతాడా?"

తర్వాత పేరు. ఇంటర్నేషనల్, ట్రేడ్‌మార్క్, రిజిస్టర్, ఆఫీస్, బ్యూరో. ఈ ఐదు ముక్కలే వాళ్ల పేకదస్తా. కలిపి పంచితే ఎన్ని ఆటలైనా వస్తాయి. ఒక పేరు మీద ఫిర్యాదులు పెరగ్గానే మళ్లీ కలుపుతారు. తర్వాత బార్‌కోడ్. అది దేనికని కుర్రాడు అడుగుతాడు. దేనికీ కాదని, బార్‌కోడ్ ఉన్న కాగితాన్ని ఎవరూ ప్రశ్నించరని పెద్దాయన ఓపిగ్గా చెబుతాడు.

గడువు దగ్గర చర్చ బాగా వేడెక్కుతుంది. నెల ఇస్తే లాయర్ని అడుగుతారు. రెండు రోజులిస్తే మోసమని అనుమానిస్తారు. వారం అంటే గుండ్రంగా ఉంటుంది, ఎవరో ఊరికే అనేసినట్టు. ఎనిమిది! ఎనిమిదిలో ఒక చట్టం ఉన్నట్టు అనిపిస్తుంది.

చివరికి వెనకవైపు చిన్నక్షరాలు. బూడిద రంగు అక్షరాలని నిర్ణయమైంది. కాగితం కూడా బూడిద రంగుదే తెస్తే పోలా అంటాడు డిజైనరు. లాయరు ఒప్పుకోడు. "అక్షరానికీ కాగితానికీ కొంచెమైనా తేడా ఉండాలి. న్యాయం అనేది ఒకటి ఏడ్చింది కదా!"

అప్పుడు మూల కుర్చీలోంచి కుర్రాడు లేస్తాడు. "సార్, ఇంత కష్టపడి చేసిన ముద్ర. రేపు ఎవరైనా కాపీ కొడితే? దీనికి మనం ట్రేడ్‌మార్క్ తీసుకుందాం సార్."

గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. లాయరు గొంతు సవరించుకుంటాడు. 1883 నాటి పారిస్ ఒప్పందంలో 6టెర్ అనే అధికరణ ఒకటి ఉందని, దేశాల జెండాలనీ, రాజముద్రలనీ, అంతర్జాతీయ సంస్థల చిహ్నాలనీ, వాటిని అనుకరించినవాటినీ మార్కుగా నమోదు చెయ్యరని, జనాన్ని మోసగించే మార్కుని ఎటూ తోసిపుచ్చుతారని నెమ్మదిగా వివరిస్తాడు. అందరికీ మార్కు రక్షణ అమ్ముతారు, తమ మార్కుకి మాత్రం దిక్కులేదు!

"పైగా," అంటాడు పెద్దాయన దిగులుగా, "దరఖాస్తు పెడితే మనకీ ఇలాంటి కవరే వస్తుందిరా."

మరి మన చిరునామా వాళ్లకెలా దొరికింది? ఎవరూ దొంగిలించలేదు. ట్రేడ్‌మార్క్ రిజిస్టరు ఎవరైనా చూసుకోగల పుస్తకం, అలాగే ఉండాలి కూడా. నేను ఒక పేరు నాదంటున్నానంటే, అది నీది కాదని చెప్పే అవకాశం మిగతా లోకానికి ఉండాలి. అందుకే మార్కుని ప్రచురించి, అభ్యంతరాలు చెప్పుకోమని గడువు ఇస్తారు. అమెరికాలో 30 రోజులు, యూరోపియన్ యూనియన్‌లో 3 నెలలు, ఇండియాలో 4 నెలలు. 1876 జనవరి 1న బ్రిటన్ రిజిస్టరులో మొదటి మార్కుగా బాస్ బీరు కంపెనీ ఎర్ర త్రికోణం ఎక్కినప్పటి నుంచీ పేరుని నలుగురి ముందూ పెట్టడమే ఈ పద్ధతికి ప్రాణం. ఆ నలుగురిలో వీళ్లు కూడా ఉంటారని పాపం ఎవరూ ఊహించలేదు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. ఆఫీసు సర్టిఫికెట్ ఇస్తుంది గానీ కాపలా కాయదు. మీ పేరుని ఎవడైనా కాస్త వంకర తిప్పి వాడుకుంటుంటే కనిపెట్టాల్సింది మీరే. మార్కులు ప్రచురించే జర్నల్ చూసి అభ్యంతరం వెయ్యాల్సింది, నోటీసు ఇవ్వాల్సింది, కోర్టు మెట్లెక్కాల్సింది మీరే. యూరప్‌లో ఐదేళ్లు వరసగా వాడకపోతే రద్దు చెయ్యమని ఎవరైనా అడగొచ్చు. అందరూ మరీ ఎక్కువగా వాడినా ప్రమాదమే. ఎస్కలేటర్ అనేది ఓటిస్ కంపెనీ మార్కుగా ఉండి, జనం నోట్లో నాని మామూలు మాటైపోయింది. 1950లో అమెరికాలో ఆ మార్కు రద్దయింది. డబ్బు తీసుకుని నిజాయితీగా నిఘా పెట్టే సర్వీసులు లేకపోలేదు. కానీ పైసా ఖర్చు లేకుండా, సెలవు రోజులు కూడా చూసుకోకుండా, నా మార్కు ఎప్పుడు ప్రచురితమైందో ఎప్పుడు రెన్యువల్‌కి వస్తుందో కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉన్నది ఈ దొంగ కవర్లవాళ్లే. సాధారణంగా పదేళ్లకోసారి రెన్యువల్. వీళ్లు పదేళ్లు ఆగరు. ముందే గుర్తుచేస్తారు, కొందరు రెండేళ్ల ముందే. చుట్టాలకైనా ఉందా ఇంత ప్రేమ?

ఇందాకటి నుంచీ నవ్వుతూ రాస్తున్నాను. ఇక నవ్వలేను.

మా వదిన ఇంట్లోనే సబ్బులు చేస్తుంది. నీస్ లెక్కలో మూడో తరగతి. పేరు తనే పెట్టుకుంది, దరఖాస్తు తనే నింపుకుంది, ఎవరి సాయమూ అడగలేదు. పోయిన నెల ఏదో కాగితం కోసం ఆమె ఫైలు తెరిస్తే ఆ బంగారు ముద్ర కనపడింది. దానికి పిన్ను కొట్టి రసీదు. కట్టేసింది. ఆ రసీదుని అసలు సర్టిఫికెట్ కంటే పైన పెట్టుకుంది, ప్లాస్టిక్ కవరు తొడిగి.

"ఇది గవర్నమెంటుది కాదు వదినా" అన్నాను. చాలాసేపు కాగితం వంకే చూసింది. "ముద్ర ఉంది కదా. ఆలస్యమైతే పేరు పోతుందేమోనని భయమేసింది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మీ అన్నయ్యకి చెప్పకు" అంది.

ఒరేయ్, మీరు కొట్టేసింది డబ్బొక్కటేనా? మొట్టమొదటిసారి తన పేరుతో ఒక వస్తువు అమ్ముకుంటున్న మనిషి చేత, తన ఇంట్లోనే గొంతు తగ్గించి మాట్లాడించారు. పెద్ద కంపెనీల జోలికి మీరు వెళ్లరు, వెళ్లినా అక్కడ లాయర్లు మీ కవరుని తెరవకుండానే బుట్టలో వేస్తారు. లాయరు లేనివాళ్లు, నియమాలు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు, ప్రభుత్వ కాగితమంటే గౌరవం ఉన్నవాళ్లు, వాళ్లే మీకు కావాలి. ఆ గౌరవాన్నే పిండుకుంటున్నారు. వెనకవైపు బూడిద రంగులో నిజం రాశాం కదా అంటారా? అంత నిజమే అయితే ముందు పేజీలో, ఆ మొత్తం పక్కన, అదే సైజులో రాయండిరా చూద్దాం!

కోర్టులు కొన్నిచోట్ల కదిలాయి. 2017లో స్వీడన్ అప్పీలు కోర్టు నకిలీ ట్రేడ్‌మార్క్ బిల్లులు పంపిన ముఠాని దోషులుగా తేల్చింది. 2021లో అమెరికాలోని సౌత్ కరోలినాలో ఇలాంటి రెన్యువల్ కాగితాల మోసానికి ఒకడికి నాలుగేళ్లకి పైగా జైలు పడింది. ఐక్యరాజ్యసమితి మేధోసంపత్తి సంస్థ వైపో, యూరప్ ట్రేడ్‌మార్క్ ఆఫీసు, అమెరికా ఆఫీసు తమ వెబ్‌సైట్లలో నమూనా కవర్లు పెట్టి మరీ హెచ్చరిస్తున్నాయి. ప్రపంచమంతటికీ చెల్లే ట్రేడ్‌మార్క్ ఒకటంటూ లేదని, మాడ్రిడ్ పద్ధతి అని చాలా దేశాలకి కలిపి ఒకే దరఖాస్తు పెట్టినా ఏ దేశానికాదేశమే ఒప్పుకోవాలని వైపోయే చెబుతుంది. ఈ కవర్లలో మాత్రం 'ప్రపంచ రిజిస్టరు' ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

ఒకసారి కట్టినందుకు వదినకి ఇప్పుడు నెలకి రెండు కవర్లు వస్తున్నాయి. ముద్రలు వేరు, ఆకులు వేరు. నాకు వచ్చినవీ ఆమెకి వచ్చినవీ కలిపి చూస్తే ఒక దొంతర అయింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, కాగితం నాణ్యమైనది. ఒక్క మూల ఉన్న ఆ బూడిద రంగు అక్షరాలు తప్ప వెనకవైపంతా ఖాళీ. వాటిని సమానంగా కత్తిరించి, కుట్టి, అట్ట వేసి వదినకిచ్చాను. పదహారో తరగతి పని, నా హక్కుల పరిధిలోనిదే.

సబ్బుల ఆర్డర్లు ఇప్పుడు అందులోనే రాసుకుంటోంది. మొదటి పేజీలో అసలు ఆఫీసు వెబ్‌సైటు అడ్రసు, రెన్యువల్ తేదీ పెద్దక్షరాలతో ఉన్నాయి. అట్ట మీద ఏం రాయమంటారని అడిగితే కాసేపు ఆలోచించి, తనే స్కెచ్ పెన్ను తీసుకుని రాసింది: "ఇది బిల్లు కాదు."