ఫోటోలో లొకేషన్ ఉంది సరే, ఎన్ని మీటర్ల తేడాతో?

వాగు గట్టున ఒక ఊట, గుట్టమీద ఒక శాసనం, అడవిలో ఒక అరుదైన చెట్టు. మళ్లీ అక్కడికి వెళ్లాలన్నా, ఇంకొకరిని పంపాలన్నా లొకేషన్ ఆన్‌లో పెట్టి ఫోటో తీస్తే చాలని చాలామంది నమ్మకం. ఆరు నెలల తర్వాత ఆ పాయింటు పట్టుకుని వెళ్తే అది వాగు అవతలి గట్టున తేలుతుంది. ఫోను ఇచ్చిన అంచనాను కొలతగా తీసుకోవడంతోనే ఈ చిక్కంతా. ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో పక్కన రాయని జియోట్యాగ్‌ను, అంటే ఫోటో ఫైలులో చేరే లొకేషన్ గుర్తును, సగం నమోదుగానే చూడాలి.

ఆకాశం ధారాళంగా కనిపించే బయలులో మామూలు ఫోను సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు. దట్టమైన చెట్ల కిందా, నిట్టనిలువు బండల పక్కనా లెక్క మారిపోతుంది. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం బండకు తగిలి, చుట్టుతిరిగి, ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాన్ని ఫోను దూరంగా లెక్కగట్టి పదుల మీటర్ల అవతల చుక్క పెడుతుంది. 2018 నుంచి వస్తున్న ఉపగ్రహ సంకేతాలను రెండు పౌనఃపున్యాల్లో అందుకునే ఫోన్లు ఇలాంటి చోట కొంత నయం.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది మొదటి ఫోటో. ఫోను జేబులోంచి తీసి వెంటనే నొక్కితే, ఉపగ్రహాల లెక్క తేలకముందే కెమెరా యాప్ పాత లొకేషన్‌ను అతికించేయొచ్చు. అది బండి ఆపిన చోటు కావచ్చు. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పంపడానికి 30 సెకన్ల దాకా తీసుకుంటుంది. నెట్‌వర్క్ ఉన్నచోట ఆ వివరాలు ఇంటర్నెట్ ద్వారా ముందే అందుతాయి కాబట్టి మనకు ఆలస్యం తెలియదు, సిగ్నల్ లేని అడవిలోనే తెలుస్తుంది.

అందుకే ముందు మ్యాప్ తెరవాలి. నీలం చుక్క చుట్టూ లేత నీలం వలయం ఉంటుంది. మొదట అది చెట్లగుంపు మొత్తాన్నీ కప్పేస్తుంది, తర్వాత మెల్లగా ముడుచుకుంటూ చుక్క దగ్గరికి వచ్చి ఆగుతుంది. అది ఆగాక ఇంకో నిమిషం కదలకుండా నిలబడి అప్పుడు కెమెరా తెరవండి. నిమిషం విడిచి నిమిషం మూడు ఫోటోలు తీయండి. మూడు పాయింట్లూ దగ్గరగా పడినంత మాత్రాన అవి సరైనవని కాదు, ఒకే తప్పు మూడుసార్లు పడి ఉండొచ్చు. దూరదూరంగా పడితే మాత్రం అక్కడ జీపీఎస్‌ను నమ్మకూడదని తేలిపోతుంది. ఐఫోన్‌లో కెమెరాకు కచ్చితమైన లొకేషన్ అనుమతి ఆపేసి ఉంటే తేడా కిలోమీటర్లలోకి వెళ్తుంది. బయల్దేరే ముందే అది చూసుకోవాలి.

అంకెలు ఎక్కువ కనిపిస్తే నమ్మకం పెంచుకోవద్దు. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, అంటే ఐదో దశాంశ స్థానం 1.1 మీటరు. అంతకు మించి రాసుకున్న అంకెలు ఉత్తవే. డిగ్రీలు, నిమిషాలను దశాంశంలోకి మార్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. 40 డిగ్రీల 30 నిమిషాలంటే 40.5. దాన్ని 40.30 అని రాస్తే పాయింటు 22 కిలోమీటర్లు జరిగిపోతుంది. ఎత్తు సంగతి చెప్పనే అక్కర్లేదు, అందులో తేడా ఇంకా ఎక్కువ.

ట్యాగు కెమెరా ఉన్న చోటుకు పడుతుంది. లోయ అవతలి గుహను జూమ్ చేసి తీస్తే ఫైలులోకి ఎక్కేది మీరు నిలబడ్డ బండే. కొన్ని ఫోన్లు దిక్కు కూడా రాస్తాయి గానీ, అయస్కాంతం ఉన్న కవరు ఒక్కటి చాలు దాన్ని చెడగొట్టడానికి. కాబట్టి ఒక దగ్గరి ఫోటో, చుట్టుపక్కల ఆనవాళ్లన్నీ పట్టే ఒక దూరపు ఫోటో, దూరం ఎంతో ఒక అంచనా, ఈ మూడూ కలిపి ఉంచాలి.

జీపీఎస్ లేని కెమెరా వాడేవాళ్లు ఫోనులో నడక ట్రాక్ రికార్డ్ చేసి, ఆ జీపీఎక్స్ ఫైలును (సమయంతో సహా నడక దారి నమోదైన ఫైలు) ఎక్సిఫ్‌టూల్ అనే ప్రోగ్రాంతో ఫోటోలకు జతచేస్తారు. అక్కడ జత కుదిర్చేది సమయమే. గంటకు 5 కిలోమీటర్ల నడకలో కెమెరా గడియారం నిమిషం తప్పితే ఫోటో 83 మీటర్లు పక్కకు పోతుంది. సెకన్లు కనిపించేలా ఫోను గడియారాన్ని అదే కెమెరాతో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఫోటో తీస్తే ఎంత తేడా ఉందో దొరుకుతుంది. జీపీఎక్స్‌లో సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుందనీ, కెమెరాలో ఉండేది స్థానిక సమయమనీ మరిచిపోతే ఫోటోలన్నీ తప్పు చోట పడతాయి, లేదా దేనికీ జత కుదరదు.

పని జరిగిందనడానికి జియోట్యాగ్ ఫోటోనే రుజువుగా అడిగే పద్ధతి నాకు సబబుగా తోచదు. ఫోటో మీద అచ్చైన అక్షాంశాలు వట్టి అక్షరాలు. ఫైలు లోపలి సమాచారాన్నీ మార్చవచ్చు, ఆండ్రాయిడ్‌లో మాక్ లొకేషన్ (వేరే చోట ఉన్నట్టు చూపే నకిలీ లొకేషన్) పెట్టే వీలూ ఉంది. నిజంగా చూడదలచినవాళ్లు అసలు ఫైలునూ, ఆనవాళ్లున్న దూరపు ఫోటోనూ అడగాలి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే లొకేషన్ రాలిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితేనే నిలుస్తుంది.

అరుదైన పక్షి గూటి విషయంలో ఆ రాలిపోవడమే మేలు. అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల పాయింట్లను, మొక్కలూ జంతువుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వేదిక 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చూపి అసలు చోటు దాస్తుంది. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా ఒక గ్రూపులో పెడితే గూటికి దారి చూపినట్టే. పంచుకునే ప్రతిలో లొకేషన్ తీసేయండి. తేడా మీటర్లు రాసుకున్న అసలు ఫైలు మీ దగ్గరే ఉండనివ్వండి.