కులెషోవ్ గారూ, సారె పళ్లేలూ

ఫిల్మ్ స్కూల్లో చదివితే పని దొరకదని విజయవాడలో ఒక దుష్ప్రచారం ఉంది. దీన్ని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. రెండేళ్లు చదివి పట్టా పుచ్చుకుని వచ్చిన నాకు ఈ మాఘమాసంలోనే పదకొండు పెళ్లిళ్లు. నావి కావు, నేను తీయాల్సినవి.

ఈ చదువు కోసం నాన్న మంగళగిరి దగ్గర స్థలం అమ్మారు. అది ఇప్పుడెంత పలుకుతోందో మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పరు. అమ్మ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడులో తెలుస్తుంది.

నాన్నకు సినిమా కొత్తేం కాదు. గాంధీనగర్లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున రెప్రజెంటేటివ్‌గా ఊరూరా హాళ్లకి తిరిగి, టికెట్లు లెక్కబెట్టి డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ల లెక్క, రాసిన మనిషి. మా స్కూల్లో ప్రపంచమంటే ఇటలీ, జపాన్, సోవియట్ యూనియన్. నాన్నకి సినిమా హక్కులు అమ్ముకునే ఏరియాలు: నైజాం, సీడెడ్, వైజాగ్, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు. అక్కడితో భూగోళం సరి. (ఓవర్సీస్ అనేది ఆయన రిటైరయ్యాక కనిపెట్టిన ఖండం.)

నా డిప్లొమా ఫిల్మ్ పన్నెండు నిమిషాలు. తెల్లవారుజామున ఒక ముసలాయన కిలోమీటరు పైచిలుకు ప్రకాశం బ్యారేజీని ఈ చివర నుంచి ఆ చివరిదాకా సైకిలు నడిపించుకుంటూ దాటతాడు. ఒకటే షాట్, కట్ లేదు. మా మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాన్న ఓపిగ్గా చూసి, "సైకిలుందిగా, ఎక్కి తొక్కడేం?" అన్నారు. కాసేపాగి, "ఇంటర్వెల్ ఎక్కడ వేద్దామనుకున్నావు?" అన్నారు.

అయినా నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. నూరేళ్ల కిందట లెవ్ కులెషోవ్ అనే సోవియట్ దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేనిదాన్ని, ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడట. ఆ నటుడు ఆకలిని ఎంత బాగా చూపించాడో, దుఃఖాన్ని ఎంత బాగా చూపించాడో అని జనం మెచ్చుకున్నారట.

మొన్నటి పెళ్లిలో పిల్లాడిది విజయవాడ, పిల్లది గుంటూరు. పెళ్లికొడుకు తల్లిగారి ముఖంలో పొద్దుట్నుంచీ ఏ భావమూ లేదు. వడ్డాణం బిగుతై ఉంటుందని నా అనుమానం. నేను ఆ ముఖాన్ని జీలకర్ర బెల్లం తర్వాత వేశాను: వాత్సల్యం. అప్పగింతల తర్వాత వేశాను: కరుణ. ఆడపెళ్లివారి సారె పళ్లేల తర్వాత కూడా వేశాను.

మర్నాడు గుంటూరు నుంచి ఫోను. "మేం పెట్టింది ఆవిడకి ఆనలేదా?"

ఒక్క కట్‌తో కృష్ణకి అటూ ఇటూ రాజుకుంది. నా బాకీ సొమ్ము ఆగిపోయింది. రాత్రంతా ఆలోచించి, అదే షాటును సారె దగ్గర్నుంచి తీసి పూతరేకుల పళ్లెం తర్వాత పెట్టాను. "మా స్వీట్లు వదినగారికి ఎంత నచ్చాయో చూడు" అని గుంటూరు చల్లబడింది. డబ్బులు పడ్డాయి. ఎవరు ఎన్ని చెప్పినా, కులెషోవ్ ఆంధ్రదేశానికి పనికొచ్చే మనిషి.

మూడు గంటల నలభై నిమిషాల ఆ వీడియోను నాన్న కదలకుండా చూశారు. భోజనాల దగ్గర లేచి టీ తాగి వచ్చారు, అంటే ఇంటర్వెల్ పడిందన్నమాట. అయ్యాక చాలాసేపు లెక్కలేసుకుని అన్నారు:

"కృష్ణా మగపెళ్లివారికి ఇచ్చెయ్. గుంటూరు ఆడపెళ్లివారికి. నెల్లూరు మాత్రం అమ్మకురా, ఓన్ రిలీజ్ చేద్దాం."