బంగారం పక్కన నిలబడే విద్య

ఫ్లెక్సీ శాస్త్రం మన దగ్గర ఎంత ముదిరిందో చెప్పనక్కర్లేదు. అన్న ఫొటో పెద్దది, అన్నకి అన్న ఫొటో ఇంకా పెద్దది, కింద పాస్‌పోర్టు సైజులో పాతిక మంది తమ్ముళ్లు. వీళ్లలో ఏ ఇద్దరూ ఒకచోట నిలబడి ఫొటో దిగి ఉండరు. ఇంత గొప్ప కళకు ఆదిగురువెవరో ఇంతవరకు ఎవరూ తేల్చకపోవడం విచారకరం. ఆ లోటు ఇప్పుడు తీరుస్తున్నాను. ఆయన పేరు బెర్న్‌హార్ట్ ఒట్టో హోల్టర్‌మన్. 1838లో హాంబర్గ్‌లో పుట్టి, పటాలంలో చేరడమంటే గిట్టక 1858లో ఆస్ట్రేలియా చేరాడు. న్యూ సౌత్ వేల్స్‌లోని హిల్ ఎండ్ అనే ఊళ్లో, బేయర్స్ అనే భాగస్వామితో కలిసి, ఏళ్ల తరబడి రాయి తవ్వి అప్పులు పోగేశాడు. ఇద్దరూ ఒకే రోజున అక్కాచెల్లెళ్లను పెళ్లాడి వ్యాపార భాగస్వామ్యాన్ని తోడల్లుడి వరసగా మార్చుకున్నారు. ఈ కిటుకు మన కాంట్రాక్టర్లకి కొత్తేమీ కాదు.

1872 అక్టోబర్ 19 రాత్రి షిఫ్టులో స్టార్ ఆఫ్ హోప్ గనిలో మందు పేలిస్తే 286 కిలోల పలక బయటపడింది. ఎత్తు నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. ముద్ద బంగారమని జనం ఇప్పటికీ అంటారు గానీ, అది తెల్లరాయిలో ఇరుక్కున్న బంగారం. అసలు సరుకు బరువులో మూడో వంతుకు మించదు. పైగా అది హోల్టర్‌మన్ సొత్తు కాదు, కంపెనీది. ఆయన మేనేజరు. దాన్ని అలాగే దాచాలని, అంచనా కట్టిన 12,000 పౌండ్ల మీద మరో వెయ్యి ఇస్తానన్నాడు. కంపెనీ వినలేదు, మిల్లుకి తోలింది.

మిల్లులో ఏం జరుగుతుందో తెలిస్తేనే ఆయన బాధ అర్థమవుతుంది. రాయిని ముందు సమ్మెటలతో చిన్న ముక్కలు చేస్తారు. నీళ్లు పారిస్తూ ఇనుప రోకళ్ల కింద పిండి చేస్తారు. ఆ బురద పాదరసం పూసిన రాగి రేకుల మీదుగా జారుతుంది. బంగారం పాదరసానికి అంటుకుంటుంది, మిగతాది కాలువలో పోతుంది. రేకుల మీది ముద్దను గీకి, తోలుగుడ్డలో పిండి, బట్టీలో కాచి పాదరసాన్ని ఆవిరిగా పట్టుకుంటే అడుగున బంగారం మిగులుతుంది. రోకలి ఇరుసుకి పెట్టిన కందెన ఒక్క చుక్క రేకు మీద పడినా, రాయిలో పాషాణం (ఆర్సెనిక్) పాలు ఎక్కువున్నా పాదరసం పొడిపొడిగా చెదిరి బంగారాన్ని వదిలేస్తుంది. నీళ్లు ఎక్కువ వదిలితే సన్న బంగారం చెత్తతో పాటు కొట్టుకుపోతుంది. ఇంత తతంగంలో మిగలనిది ఒక్కటే, ఆ పలక ఆకారం.

ఇక్కడే గురువుగారి ప్రతిభ. రాయి పోతే పోయింది, పక్కన నిలబడ్డ గౌరవం ఎందుకు పోవాలి? ప్రపంచమంతా చూసిన ఆ ఫొటోలో నల్లకోటు, గడ్డంతో హోల్టర్‌మన్ దర్జాగా నిలబడి పలక మీద చెయ్యి వేసి ఉంటాడు. నిజానికి స్టూడియోలో ఆ చెయ్యి వేసింది ఇనుప కడ్డీ మీద. ఎక్స్‌పోజరు కొన్ని సెకన్లు పట్టే రోజుల్లో, మెడ కదలకుండా వీపు వెనక పెట్టే కడ్డీ అది. పలక ఫొటో వేరు. వెనకున్న వరండా సిడ్నీలో ఆయన మేడది. ఆ మేడ కట్టేసరికే పలక పిండైపోయింది. మూడు ఫొటోలు కలిస్తే ఒక పారిశ్రామికవేత్త. నేటి డిజైనర్లు గమనించగలరు: కత్తిరింపు అతుకులో దొరకదు, కాళ్ల కింది నీడలో దొరుకుతుంది.

ఈ పని చేయించుకోవడానికి మనిషిని కూడా సరిగ్గా ఎంచుకున్నాడు. ఫొటోగ్రాఫరు బోఫోయ్ మెర్లిన్, ఆయన దగ్గర పనిచేసే చార్లెస్ బేలిస్ అప్పటికే గనుల ఊళ్లలో ఇంటింటికీ తిరుగుతూ, గుమ్మంలో నిలబడ్డవాళ్లని నిలబడ్డట్టే తీస్తున్నారు. హోల్టర్‌మన్ డబ్బు పెట్టాడు. 1873లో మెర్లిన్ చనిపోయాడు, బేలిస్ కొనసాగించాడు. 1875లో మేడ బురుజు గదినే కెమెరాగా మార్చి, మీటరున్నర దాటిన అద్దాల మీద సిడ్నీ రేవుని తీశారు. ఆ కాలానికి ప్రపంచంలో అంతకంటే పెద్ద నెగెటివ్ లేదు.

అంత అద్దం మీద తడి గాజుపలక పద్ధతి అంటే ఆషామాషీ కాదు. జిగురులాంటి కొలోడియన్‌ను ఒక మూలన పోసి, అద్దాన్ని వంచుతూ నాలుగు మూలలకీ పారించి, మిగిలింది చివరి మూలనుంచి వంపేయాలి. చెయ్యి వణికితే గీతలు, దుమ్ము పడితే చుక్కలు. వెంటనే వెండి నైట్రేటులో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, కడిగేయాలి. ఆస్ట్రేలియా ఎండలో ఆ తడి మీకోసం కాచుకొని ఉండదు. ఇవి కాక 23 ఫొటోలు వరసగా అతికించి పది మీటర్ల సిడ్నీ దృశ్యం తయారు చేశారు. ఖర్చు 4,000 పౌండ్ల పైనే. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో కంచు పతకం, 1878లో పారిస్‌లో వెండి పతకం వచ్చాయి. బంగారం మాత్రం ఇక్కడా రాలేదు.

ఇంత కీర్తి చేతిలో ఉంటే మిగతా మెట్లు వాటంతటవే వస్తాయి. మందుల వ్యాపారం పెట్టి ‘హోల్టర్‌మన్ ప్రాణరక్షక చుక్కలు’ అమ్మాడు. 1882లో శాసనసభకి గెలిచాడు. పలకతో సహా తన బొమ్మని మేడ బురుజు కిటికీ అద్దంలో రంగుల్లో వేయించాడు. 1885లో తన 47వ పుట్టినరోజు నాడు కన్నుమూశాడు. చుక్కల విషయం ఇంతటితో వదిలేద్దాం.

నెగెటివ్‌ల సంగతి జనం మరిచిపోయారు. 1951లో సిడ్నీ శివారు చాట్స్‌వుడ్‌లో, బంధువుల ఇంటి తోటలోని షెడ్డులో దాదాపు 3,500 గాజు పలకలు పెట్టెల్లో దొరికాయి. వాటిలో ఆయన కంటే ఆ ఊళ్ల కసాయివాళ్లు, కంసాలులు, గుమ్మంలో పిల్లల్ని ఎత్తుకున్న తల్లులే ఎక్కువ. పెద్దది చేసి చూస్తే దుకాణం బోర్డు మీద అక్షరాలు కూడా చదవొచ్చు. 1966లో ఆస్ట్రేలియా పది డాలర్ల నోటు మీద ఆ ఫొటోల్లోంచే గల్గాంగ్ ఊరి వీధి ఎక్కింది. హోల్టర్‌మన్‌గారు ఎక్కలేదు.