ఊరంతటి భాషను బడి దూరం చేయకూడదు

బాలి ద్వీపంలోని బెంగ్‌కాలా గ్రామంలో పుట్టుకతోనే వినపడనివాళ్లు తరతరాలుగా ఉన్నారు. వాళ్ల సైగల భాష పేరు కాటా కోలోక్. ఫలానా వేళ అని చెప్పాలంటే, ఆ వేళకు సూర్యుడు ఆకాశంలో ఎక్కడుంటాడో అటు చెయ్యి చూపిస్తారు. ఒకరి ఇంటి సంగతి వస్తే ఆ ఇల్లు నిజంగా ఏ దిక్కున ఉందో అటే వేలు వెళ్తుంది. ఈ భాషను ఏ నిపుణుడూ తయారు చేసి ఇవ్వలేదు. వినపడేవాళ్లలో కూడా చాలామందికి ఇది వచ్చు. అన్నదమ్ములు, ఇరుగుపొరుగు, పొలంలో కలిసి పనిచేసేవాళ్లు చిన్నప్పటి నుంచీ చూస్తూ నేర్చుకున్నారు.

ఘానాలో అదమొరోబే, ఇజ్రాయెల్ నెగెవ్ ఎడారిలో అల్ సయ్యద్, థాయ్‌లాండ్‌లో బాన్ ఖోర్, కర్ణాటకలో అలీపూర్ ఇలాంటి ఊళ్లే. దగ్గరి సంబంధాల వల్ల వంశపారంపర్యంగా చెవుడు వచ్చినచోట సైగలు కూడా ఊరి సొత్తయ్యాయి. ఇప్పుడు ఈ భాషలు మాట్లాడే పిల్లలు తగ్గిపోతున్నారు.

చెప్పడానికి బాధగా ఉన్నా, ముఖ్య కారణాల్లో బడి ఒకటి. అదమొరోబే పిల్లలు హాస్టల్ బడికి వెళ్లి ఘానా సైగల భాష నేర్చుకుంటారు. 1957లో అమెరికా బధిర ఉపాధ్యాయుడు ఆండ్రూ ఫోస్టర్ తీసుకొచ్చిన అమెరికన్ సైగలే దానికి మూలం. జాతీయ సైగల భాషను మేము తప్పుపట్టడం లేదు. పై చదువు, ఉద్యోగం, దేశమంతటా స్నేహాలు దానివల్లే దొరుకుతాయి. కానీ సెలవులకు ఇంటికొచ్చిన పిల్లకు అలవాటైన భాష అమ్మకు రాదు, పక్కింటివాళ్లకు రాదు. చెవుడున్నా ఒంటరితనం తెలియని ఊళ్లో ఆ పిల్ల ఒంటరిదవుతుంది. మాకు అసలు దిగులు ఇదే.

అమెరికాలోని మార్తాస్ వైన్‌యార్డ్ దీవిలో ఇలా ఊరి సైగల భాష కనుమరుగైపోయింది కూడా. అక్కడి చిల్‌మార్క్ అనే ఊళ్లో ఒకప్పుడు వినపడేవాళ్లూ సైగలతో మాట్లాడేవారు. 1817లో దీవి బయట, హార్ట్‌ఫర్డ్ నగరంలో బధిరుల పాఠశాల తెరిచాక దీవి పిల్లలు అక్కడికి వెళ్లారు, చాలామంది బయటివాళ్లను పెళ్లి చేసుకున్నారు. దీవిలో వంశపారంపర్య చెవుడున్న చివరి వ్యక్తి 1952లో కన్నుమూశారు.

బధిరుల భాషకు, సంస్కృతికి గుర్తింపు, అండ ఇవ్వాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణం చెబుతోంది. ఒక్క జాతీయ సైగల భాషను గుర్తించి ప్రభుత్వాలు చేతులు దులుపుకుంటే ఆ మాట సగమే నిలబెట్టుకున్నట్టు. బెంగ్‌కాలాలో 2007 నుంచి వినపడని పిల్లలకు కాటా కోలోక్‌లోనే, సొంత ఊళ్లోనే చదువు మొదలైంది. ఇలాంటి ఊళ్లన్నిటికీ ఆ ఏర్పాటు కావాలి. మొదటి తరగతుల్లో ఊరి సైగలతో పాఠం, దానితోపాటు జాతీయ భాష. ఊళ్లోని బధిర పెద్దలకే జీతమిచ్చి బడిలో పెట్టుకోవాలి. వినపడే పిల్లలనూ అదే తరగతిలో కూర్చోబెట్టాలి. పెద్దవాళ్ల సంభాషణలను వాళ్ల అనుమతితో ఇప్పుడే వీడియో తీయాలి. ఒక కాపీ పరిశోధకుల దగ్గరున్నా, ఇంకొకటి ఆ ఊరి బడిలో ఉండి తీరాలి.