చెమట పట్టని పొలం

2023 జనవరిలో మొదలై మార్చికల్లా 12 ఎపిసోడ్లతో ముగిసిన ‘ఫార్మింగ్ లైఫ్ ఇన్ అనదర్ వరల్డ్’ మొదటి సీజన్ గురించి అనిమే (జపాన్ యానిమేషన్ సీరీస్‌లు) చూసేవాళ్ళ మధ్య ఒక వాదన బాగా తిరుగుతోంది. "ఇది స్లైస్ ఆఫ్ లైఫ్, అంటే రోజువారీ బతుకును ఉన్నదున్నట్టు చూపించే కథ. ఏమీ జరగకపోవడమే దీని అందం. నిరాశపడ్డవాళ్ళకు ఈ తరహా కథ అర్థం కాలేదన్నమాట. గొడవల్లేకుండా వ్యవసాయం చూపించింది. రోగంతో పోయిన మనిషికి సుఖమైన రెండో జన్మ ఇచ్చింది. అలసిపోయి ఇంటికొచ్చేవాళ్ళకు అదే హాయి. లోటేమైనా ఉంటే అది 12 ఎపిసోడ్లలో దీనికి మూలమైన నవలంతా పట్టక వచ్చిందే." నిరాశపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇలాంటి నెమ్మది కథలంటే ప్రాణం కాబట్టే ఉన్నాను. అందుకే ఈ వాదనను ఇలా వదిలేయబుద్ధి కావడం లేదు.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. హిరాకు అనే అతను జబ్బుతో మంచం పట్టి చనిపోతాడు. దేవుడు జాలిపడి వేరే లోకానికి పంపిస్తూ, ఏం కావాలో అడుగుతాడు. రోగం రాని ఒళ్ళు, జనం పెద్దగా లేని చోటు, వ్యవసాయం చేసుకునే బతుకు అడుగుతాడు హిరాకు. అవన్నీ ఇచ్చి, చేతిలో ఒక మాయ పనిముట్టు పెడతాడు దేవుడు. అనుకుంటే పార అవుతుంది, అనుకుంటే గొడ్డలి, అనుకుంటే ఈటె. మనసులో పంటను తలచుకుని నేల తవ్వితే ఆ పంటే మొలుస్తుంది. దాన్ని పట్టుకున్నంతసేపూ అలసట ఉండదు. అడవి మధ్యలో పెద్ద చెట్టు దగ్గర ఇల్లు కట్టుకుంటాడు. క్రమంగా అక్కడ ఊరు వెలుస్తుంది.

ముందు "ఏమీ జరగకపోవడమే అందం" అన్న మాట చూద్దాం. అసలు ఇందులో ఏమీ జరగడం లేదని ఎవరన్నారు? తోడేళ్ళ జంట వస్తుంది, పిల్లలు పెడుతుంది. రాక్షస సాలీడు చేరుతుంది. రక్తపిశాచి రూ వస్తుంది, తర్వాత దేవదూత తియా, ఆ తర్వాత ఎల్ఫులు, బల్లి మనుషులు, జంతు మనుషులు, మరుగుజ్జులు, డ్రాగన్లు కూడా. యుద్ధాల సినిమాలో కూడా ఇంతమంది ఇంత వేగంగా దిగరు. జరిగేవి సరిపోవడం లేదని కాదు నా బాధ. జరిగినదాని దగ్గర రెండు నిమిషాలు కూడా కెమెరా కూర్చోదనే.

నిజంగా ఏమీ జరగని అనిమే ఎలా ఉంటుందో చూడాలంటే 2018లో వచ్చిన ‘లెయిడ్ బ్యాక్ క్యాంప్’ మొదటి ఎపిసోడ్ చాలు. రిన్ అనే అమ్మాయి చలికాలంలో ఒంటరిగా సైకిల్ తొక్కుకుంటూ మొతోసు సరస్సు దగ్గరకు వెళ్తుంది. డేరా వేస్తుంది. ఎండిన పైన్ కాయలు ఏరుకొస్తుంది, పుల్లలు చీలుస్తుంది, మంట పెడుతుంది. రాత్రికి దారి తప్పి ఏడుస్తూ వచ్చిన ఇంకో అమ్మాయికి కప్పు నూడుల్స్‌లో వేడినీళ్ళు పోసి ఇస్తుంది. ఇద్దరూ ఊదుకుంటూ తింటారు. కథ అంతే. కానీ ఆ నూడుల్స్ వేడి మన వేళ్ళకు తగులుతుంది, ఎందుకంటే అంతకుముందు ఆ చలిని అంతసేపు చూపించారు. నేను దీన్ని ఎన్నిసార్లు చూసినా విసుగు రాలేదు. కాబట్టి "నీకు నెమ్మది కథలు అర్థం కావు" అన్న మాట నాకు వర్తించదు. హిరాకు ఊరి కథే నెమ్మదిగా లేదు.

"వ్యవసాయం చూపించింది" అనేదానికి వస్తే, పొలం పని తెలిసిన ఇళ్ళనుంచి వచ్చిన తెలుగువాళ్ళు మనలో బోలెడంతమంది. విత్తనం మొలుస్తుందా, చినుకు పడుతుందా, కలుపు ఎప్పుడు తీయాలి, పురుగు పట్టిందా అన్న బెంగలోనే సేద్యం ఉంటుందని వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ బెంగ అంతా తీసేశాక మిగిలేది పంట మాత్రమే. పంట మాత్రమే చూపిస్తే అది కూరగాయల మార్కెట్. మాయ పార ఉండకూడదని నేననడం లేదు. ఇసెకాయ్ కథలో, అంటే మనిషి వేరే లోకానికి చేరే కథలో, వరం లేకుండా ఎలా? కానీ ఆ వరానికి అందని పని ఒక్కటైనా కావాలి. ఉంది కూడా! ఆ ఊళ్ళో ద్రాక్షతో వైన్ చేస్తారు. రసం పులియడం పార చేతిలో లేదు, దానికి రోజులు పడతాయి, చెడిపోవచ్చు కూడా. అక్కడ ఆగి ఉంటే బ్రహ్మాండమైన ఎపిసోడ్ అయ్యేది. ఆగలేదు.

జపాన్‌లోని హొక్కయిదోలో పాడి కుటుంబంలో పుట్టిన హిరోము అరకవా రాసిన ‘సిల్వర్ స్పూన్’ 2013లో అనిమేగా వచ్చింది. అందులో వ్యవసాయ పాఠశాలలో చేరిన పట్నం కుర్రాడు హాచికెన్ ఒక బక్క పంది పిల్లకు పేరు పెట్టి పెంచుతాడు. దాన్ని కోతకు పంపక తప్పదు. ఆ మాంసాన్ని సెలవుల్లో కూలి చేసి సంపాదించిన డబ్బుతో తనే కొనుక్కుని, పొగబెట్టి బేకన్ చేసి అందరికీ పెడతాడు. అది కూడా స్లైస్ ఆఫ్ లైఫే. అందులోనూ విలన్ లేడు, కత్తియుద్ధం లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది "రోగంతో పోయిన మనిషికి సుఖమైన జన్మ" అనే మాట. ఆ మనిషిని ముందుగా మరిచిపోయింది సీరీసే. ఒళ్ళు మాట వినక మంచానికి అంటుకుపోయి పోయినవాడు ఒకరోజు లేచి నిలబడ్డాడు. కాళ్ళు మోస్తున్నాయి. గాలి పీలిస్తే నొప్పి లేదు. ఆకలి వేస్తోంది. వీటిలో ఏ ఒక్కదాన్ని పట్టుకున్నా కళ్ళు చెమర్చే ఎపిసోడ్ అవుతుంది. కానీ మొదటి ఎపిసోడ్ దాటాక హిరాకు ఒకప్పుడు రోగి అని గుర్తుపట్టే ఆనవాలు దాదాపు కనపడదు. పైగా అలసట తెలియని పనిముట్టు ఇచ్చేశారు. ఆరోగ్యమైన ఒళ్ళు అడిగినవాడికి ఆ ఒంటిని వాడుకునే అవకాశమే లేకుండా చేశారు! సాయంత్రం నడుం పట్టేసి, అరచేతులు బొబ్బలెక్కి, ఆ బొబ్బల్ని చూసుకుని ఆనందపడే హిరాకు కోసం నేను చివరిదాకా ఎదురుచూశాను.

2019లో మొదలైన ‘అసెండెన్స్ ఆఫ్ ఎ బుక్‌వార్మ్’ ఈ విషయం ఎంత బాగా పట్టుకుందో! పుస్తకాల పిచ్చి ఉన్న అమ్మాయి చనిపోయి, అయిదేళ్ళ పేద పిల్ల మయిన్‌గా కళ్ళు తెరుస్తుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, రెండో రోజుకు జ్వరం. పుస్తకాలు గొప్పోళ్ళకే గానీ ఈ పిల్లకు అందవు. సరే, నేనే చేసుకుంటానంటుంది. గడ్డి నారతో అల్లబోతే వేళ్ళు సహకరించవు. మట్టి పలకలు చేస్తే పొయ్యిలో పేలిపోతాయి. చెక్క ముక్కలు పోగేస్తే వాళ్ళమ్మ వంటచెరకనుకుని పొయ్యిలో పెట్టేస్తుంది. చెట్టు బెరడు ఉడకబెట్టి, దంచి, జల్లెడలో పట్టి చివరికి కాగితం తీసిన రోజు నాకు కలిగిన సంతోషం ఏ యుద్ధ విజయం చూసినా కలగలేదు. అదీ ఇసెకాయే, అదీ ఇల్లూ వంటా బజారూ చుట్టూ తిరిగే కథే.

"అలసినవాళ్ళకు హాయి" అంటారా, ఎవరికి హాయి కలిగితే వాళ్ళు చూడాలి. దాంతో నాకు పేచీ లేదు. నాకూ ఇందులో ఇష్టమైనవి ఉన్నాయి. జబుటోన్ అనే ఆ పెద్ద సాలీడు మాట రాకపోయినా కాలెత్తి పలకరిస్తుంది, బట్టలు నేస్తుంది. మాటలొచ్చిన సగం ఊరికన్నా దానికే ఎక్కువ వ్యక్తిత్వం ఉంది. కానీ ఆడవాళ్ళు గుంపులుగా రావడం, హిరాకు చుట్టూ చేరడం, వాళ్ళ పేర్లు గుర్తుండేలోపే ఇంకో గుంపు రావడం హాయి కాదు. రూ, తియా లాంటి వాళ్ళకు ఇక్కడికి రాకముందు ఒక బతుకు ఉంది. దాన్నుంచి ఈ పల్లె వంటింటికి అలవాటుపడటానికి వాళ్ళకెంత కాలం పట్టింది? ఆ ప్రశ్న కథకు రానే రాదు.

చివరిది, "12 ఎపిసోడ్లలో పట్టలేదు." కినోసుకె నాయితో నవల పెద్దదే, నిజమే. అయితే 12 ఎపిసోడ్లలో ఎన్ని పేజీలు కుక్కాలన్నది తీసేవాళ్ళ చేతిలో పని. ‘లెయిడ్ బ్యాక్ క్యాంప్’ మొదటి సీజన్‌కు కూడా దొరికినవి 12 ఎపిసోడ్లే. వచ్చే జాతుల్లో రెండింటిని తర్వాతి సీజన్‌కు ఆపి, ఆ చోటును మొదటి పంటకూ మొదటి చలికాలానికీ ఇవ్వడానికి ఎపిసోడ్ల సంఖ్య ఎక్కడా అడ్డం రాలేదు.