సవరణ: యోసెమిటీలో తిండిని చెట్టుకు వేలాడదీయకూడదు

అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్కు ట్రెక్ గురించిన మునుపటి పోస్టులో రెండు సలహాలు మార్చాలి: తిండి సంచిని కొమ్మకు వేలాడదీయడం, మిగిలినది కారులో వదలడం.

అక్కడి అడవి ప్రాంతమంతటా ఆమోదం పొందిన బేర్ క్యానిస్టర్ (ఎలుగులు తెరవలేని గట్టి డబ్బా) తప్పనిసరి. వేలాడదీయడం నిబంధనలకు విరుద్ధం. నల్ల ఎలుగులు చెట్లెక్కుతాయి, తాడు కొరికేస్తాయి, సన్నటి కొమ్మ మీదికి పిల్లల్ని పంపుతాయి. ఉర్సాక్ లాంటి గుడ్డ సంచులకూ అనుమతి లేదు. చీకటి పడ్డాక కారులో తిండి ఉంచకూడదు. ట్రైల్‌హెడ్ (నడక దారి మొదలయ్యే చోటు) దగ్గరున్న ఇనుప లాకర్లో పెట్టి గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చూడండి.

11.5 లీటర్ల డబ్బా పొదుపుగా సర్దితే ఒకరికి దాదాపు వారానికి సరిపోతుంది. అటుకులు, పొడులు, చపాతీలు జిప్ కవర్లలో వేసి గాలి తీసేయండి. గుండ్రటి సీసాలు చోటు తినేస్తాయి. ఆవకాయ తీసుకెళ్తే రెండు కవర్లలో వేయండి. నూనె చేత్తో మూత ముట్టుకుంటే వాసన బయటే ఉండిపోతుంది. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, సబ్బు, చెత్త కూడా లోపలికే.

మూత పూర్తిగా బిగిసి లాక్ పడేదాకా తిప్పాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. డబ్బాను టెంటుకు 30 మీటర్ల దూరంలో, సమతల నేల మీద, నీటికీ లోయ అంచుకూ దూరంగా పెట్టండి. తాడు కట్టొద్దు, బ్యాగులో ఉంచొద్దు: పట్టు దొరికితే ఎలుగు ఎత్తుకుపోతుంది.

మొదటి రోజు మధ్యాహ్నం తినే పులిహోర డబ్బాలో పట్టకపోయినా ఫరవాలేదు, చేతికి అందేంత దగ్గర ఉంచుకుని తినేయండి.