ముందు కేబుళ్లు చూడండి, 12 వోల్టుల సంగతి తర్వాత

1949-51 ఫోర్డ్ కూపే కొన్నవాళ్లు మొట్టమొదట 6 వోల్టుల నుంచి 12కి మార్చుకోవాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. సెల్ఫ్ మోటార్ నీరసంగా తిరుగుతోందంటే చాలాసార్లు తప్పు 6 వోల్టులది కాదు, సన్న కేబుళ్లది. అదే పవర్‌కి 6 వోల్టుల్లో రెట్టింపు కరెంటు పారుతుంది కాబట్టి కేబుల్ 1/0 లేదా 2/0 (అమెరికన్ వైర్ గేజ్ కొలతలో బాగా లావు సైజులు) మందం ఉండాలి. ఇప్పటి కార్ల కేబుల్ వేస్తే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కీ (బండి బాడీకి కలిపే కొసకీ) ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య వోల్ట్‌మీటర్ పెట్టి చూడండి. 0.3 వోల్టు దాటిందా, ఎర్త్ తగిలే చోట పెయింటూ తుప్పూ గీకేసి, లోహం తళతళలాడాక బిగించండి.

12 వోల్టులకి మార్చి తీరాలంటే మాత్రం జాగ్రత్త, ఈ బండ్లది పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలుస్తుంది. బ్యాటరీని ఛార్జ్ చేసే మామూలు ఆల్టర్నేటర్‌కి నెగటివ్ ఎర్త్, అంటే మైనస్ బాడీకి కలవడం, కావాలి. అలవాటు కొద్దీ బ్యాటరీని పాత పద్ధతిలో తగిలిస్తే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. స్పార్క్ పుట్టించే కాయిల్ కూడా 12 వోల్టులది వేసి, దాని మైనస్ డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ప్లగ్గులకి పంచే భాగం) వైపు కలపాలి, లేదంటే స్పార్క్ బలహీనపడుతుంది. బల్బులన్నీ మార్చాలి, పెట్రోల్, టెంపరేచర్ గేజీలకి వోల్టేజ్ తగ్గించి ఇవ్వాలి. పాత సెల్ఫ్ మోటార్ ఉంచేయొచ్చు, ఆపకుండా తిప్పకపోతే చాలు.